తొంభై ఒక్క శాతం

పెట్టెలు పదకొండు.
చండ్ర చెట్లకు మూడు, రేగు తుప్పల నడుమ నాలుగు,
తక్కినవి యాడుండాయో
నాకూ గౌసియా మేడానికీ తప్ప
లంకమల అడివికి కూడా తెలియదు.

అరచెయ్యంత పెట్టె. ఆకుపచ్చ రంగు.
కన్ను లేదు, వట్టి చెవి.
రాత్రంతా వింటా ఉంటాది, కూలి అడగదు.
బ్యాటరీలు మార్చి, గోరంత కార్డు పెరికి
జిప్పు సంచిలో ఏసుకొచ్చేది నా పని.
ప్రొటెక్షన్ వాచరు లంకమయ్య.
దినానికింత అని లెక్క,
చేతికొచ్చేది మూడు నెలలకొకసారి.

కలివికోడి కోసం ఇదంతా.
కలివి పొద కింద నిలబడితే
రాయేదో పిట్టేదో చెప్పలేని రంగు.
ఎగరడం కంటే నడకే ఇష్టం దానికి,
మా నాయిన మాదిరి.

మా నాయిన ఉచ్చులేసేటోడు.
ఆ మాట ఆఫీసులో చెప్పను.
కౌజుల కోసం ఏసిన ఉచ్చులో ఒక రాత్రి ఇది పడితే
లాంతరు దగ్గర పట్టుకొని చూసి
"ఎంత కండ్లురా దీనికి!" అని
ఇడిసిపెట్టినాడంట.
దాని కూత మాత్రం
నోట్లో పెట్టుకొని ఇంటికి తెచ్చినాడు.
నాకిచ్చిన ఆస్తి అదొక్కటే.

మేడం ల్యాప్‌టాప్ తెరిస్తే
రాత్రి గీతలు గీతలుగా కనపడతాది.
ఈ మందపుది బద్వేలు లారీ.
దువ్వెన పండ్లు కీచురాళ్లు.
ఈ చుక్కలు మేకల గంటలు,
"అడివిలో మేకలకేం పనప్పా?" అని నా దిక్కు చూస్తాది.
ఒకచోట ఆగి, "ఇది నువ్వు దగ్గింది" అంటాది.
నా దగ్గు అంత అందంగా ఉంటాదని నాకు తెలియదు.

దాని లోపల చదువుకున్న యంత్రమొకటుండాది.
పాతకాలం కూతలు నాలుగు దానికి నూరిపోసినారంట.
ప్రతి రాత్రినీ జల్లెడ పట్టి
ఇది తీతువు, ఇది కప్ప, ఇది గాలి, అని పేర్లు పెడతాది.
మూడేండ్లుగా
గాలి, గాలి, గాలి.

మొన్న బేస్తవారం, ఏడో పెట్టె,
తెల్లవారుజాము నాలుగూ యాభై.
తెర మీద ఎర్రగా:
కలివికోడి. తొంభై ఒక్క శాతం.

మేడం చేతిలో ఫోను కింద పడింది.
సిద్ధవటం నుంచి రేంజరు సారు బైలుదేరినాడు.
ఎవరో మిఠాయి అన్నారు. ఎవరో,
రోడ్డు పని ఇంక ఆగినట్టే అన్నారు.
నేను వాకిలి కాడ నిలబడి
నా గొంతు నేనే వింటాండా.

ఆ పొద్దు అమావాస్య.
ఎండ ముదరకముందే తిరగొచ్చని చీకట్లోనే పోయి
బ్యాటరీ బిగించి, ఏమీ తోచక
నాయిన కూత కూసినా.
రెండుసార్లు. అంతే.

చెప్పకుంటే పొదలు మిగులుతాయి.
చెప్తే నా కూలి మిగలదేమో.
యంత్రం అబద్ధమాడదు అంటారు కదా,
దానికెందుకు ఆ పాపం అంటగట్టేది?

"మేడం, అది పిట్ట కాదు. నేను."

తిట్టలా. నవ్వలా.
సారుకు ఫోను చేసి రావొద్దండి అనింది.
శానాసేపు కిటికీ దిక్కు చూసి
"ఆ తొమ్మిది శాతం యాడ తప్పినావో
అదన్నా చెప్పు లంకమయ్యా" అనింది.

"మళ్లా పెట్టండి. నా కూత అయిపోయినాక ఏముందో."

ఇయర్‌ఫోను చెరొక చెవికి.
నా కూత. నా చెప్పులు దూరమయ్యే చప్పుడు.
కీచురాళ్లు. మళ్లా కీచురాళ్లు.
ఇరవయ్యో సెకండు కాడ
వెంట్రుక మందం గీత ఒకటి,
ఆగి, ఇంకొకటి.
కింద యంత్రం రాసింది: గాలి.
యాభై మూడు శాతం.

గాలేనా అని ఆయమ్మ అడగలా.
నేనూ చెప్పలా.
బీరువా తీసి రెండు జతల కొత్త బ్యాటరీలు
నా చేతిలో పెట్టింది.
"ఏడో పెట్టెకు.
ఈసారి నోరు మూసుకొని పో."